ట్యాంకు నిండగానే మోగే బజర్: ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

మేడ మీద మిరపకాయలు ఎండబెట్టిన రోజున ట్యాంకు పొంగితే ఎలా ఉంటుందో మా అమ్మని అడగాలి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఓ ఏప్రిల్లో అదే జరిగింది. ఏడాది కారానికని తెచ్చి, తొడిమలు తీసి పరిచిన 5 కిలోల కాయలు నీళ్ళలో తేలాయి. మోటారు వేసింది నేనే. వేసి, ఫోను పట్టుకుని కూర్చున్నదీ నేనే.

ప్లంబరు వచ్చి బాల్ వాల్వు బిగించేద్దామన్నాడు. మున్సిపల్ నీళ్ళు సంపులోకి పడే పైపుకి అది మంచిదే. మోటారు పైపుకి మాత్రం నేను ఒప్పుకోలేదు. ట్యాంకు నిండగానే వాల్వు మూసుకుంటుంది గానీ ఆ సంగతి మోటారుకి తెలియదు కదా. దారి లేని నీటిని తోస్తూనే ఉంటుంది. పంపులో నీరు వేడెక్కుతుంది, పైపు అతుకుల మీద ఒత్తిడి పడుతుంది, మీటరూ తిరుగుతూనే ఉంటుంది. మోటారును దానంతట అదే ఆపే కంట్రోలర్లు బజార్లో ఉన్నాయి. డబ్బు పెట్టగలిగి, నమ్మకమైన ఎలక్ట్రీషియను దొరికితే అవే మేలు. నేను చెప్పేది అంత పెద్దది కాదు. ట్యాంకు నిండితే వంటింట్లో కీచుమనే చిన్న పెట్టె, అంతే. వైరు కాకుండా నాకు 200 రూపాయల లోపే అయింది.

కావలసినవి ఇవి: 9 వోల్టుల బ్యాటరీ, దానికి తగిలించే క్లిప్పు, చిన్న డీసీ బజర్, బీసీ 547 ట్రాన్సిస్టర్, 1 కిలో ఓం రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచేది), చిన్న స్విచ్, రెండు తీగల సన్నని వైరు, రెండు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఏదైనా ప్లాస్టిక్ డబ్బా. రెసిస్టర్ మీద గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలుంటాయి. టీవీ స్పేర్ పార్ట్స్ అమ్మే షాపులో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. బజర్ కొనేటప్పుడు అక్కడే బ్యాటరీకి తగిలించి చూపించమనండి. నేరుగా మోగేదే మనకి కావాలి. అలా మోగనివి కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి.

ఇది పనిచేసే తీరు తెలిస్తే బిగించడం తేలిక. నీళ్ళలో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి కాస్త కరెంటును పోనిస్తాయి. బోరు నీళ్ళయితే మరీనూ. కానీ ఆ కాస్త కరెంటుకి బజర్ మోగదు. ట్రాన్సిస్టర్ కావలసింది అక్కడే. కాలవ తూము తలుపు ఎత్తడానికి ఒక మనిషి చాలు, దాని వెనక పారేది కాలవ నీరంతా. అలాగే ట్రాన్సిస్టర్ మధ్య కాలికి పిసరంత కరెంటు అందితే, మిగతా రెండు కాళ్ళ మధ్య అంతకు ఎన్నో రెట్ల కరెంటు పారుతుంది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పుట్టిన వస్తువిది. దీని వెనకున్న శాస్త్రవేత్తలు బార్డీన్, బ్రాటెన్, షాక్లీ ముగ్గురికీ 1956లో నోబెల్ తెచ్చిపెట్టింది. ఇప్పుడు కందిగింజంత సైజులో, చిల్లర డబ్బులకి దొరుకుతోంది.

ముందు ట్రాన్సిస్టర్ కాళ్ళు గుర్తుపట్టాలి. చదునుగా ఉన్న వైపు మీకు ఎదురుగా, కాళ్ళు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమది కలెక్టర్, మధ్యది బేస్, కుడిది ఎమిటర్. ఇది తారుమారైతే మిగతాదంతా వృథా, కాబట్టి ఒక్క నిమిషం ఆగి చూసుకోండి.

బ్యాటరీ క్లిప్పు ఎర్ర వైరును స్విచ్‌కి కలపండి. స్విచ్ రెండో కొస నుంచి రెండు దారులు: ఒకటి బజర్ ఎర్ర వైరుకి, రెండోది ట్యాంకు దగ్గరి మొదటి బోల్టుకి. బజర్ నల్ల వైరు కలెక్టర్‌కి వెళ్తుంది. ఎమిటర్‌ని బ్యాటరీ నల్ల వైరుకి కలపండి. మధ్య కాలికి రెసిస్టర్, దాని రెండో కొస నుంచి రెండో బోల్టుకి వైరు. సర్క్యూట్ ఇంతే. సోల్డరింగ్ చేతకాకపోతే సెల్‌ఫోన్ రిపేరు షాపులో అడగండి, అయిదు నిమిషాల పని.

మేడ ఎక్కేముందు గ్లాసుడు నీళ్ళతో పరీక్ష చేయండి. స్విచ్ వేసి, బోల్టులు రెండూ రెండు సెంటీమీటర్ల ఎడంలో ముంచితే బజర్ మోగాలి, తీస్తే ఆగాలి. నీళ్ళలో మోగకపోతే బోల్టుల కొసలు ఒకదానికొకటి తాకించి చూడండి. అప్పుడు మోగితే సర్క్యూట్ బాగానే ఉంది, బోల్టుల మధ్య ఎడం తగ్గిస్తే చాలు. అప్పటికీ మోగకపోతే కాళ్ళు తారుమారయ్యాయన్నమాట.

ఇక ట్యాంకు దగ్గర పని. నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. మొదట రెండు బోల్టుల్నీ ఒకే ప్లాస్టిక్ స్కేలుకి బిగించాను. నీటిమట్టం దిగిపోయినా స్కేలు మీద తడి పొర అలాగే ఉండి, దాని మీదుగా కరెంటు పారేది. సాయంత్రం స్విచ్ వేస్తే సగం ఖాళీ ట్యాంకుకి కూడా బజర్ మోగేది. అందుకని బోల్టుల్ని విడివిడిగా, వాటి వైర్లకే వేలాడదీయండి. నీళ్ళు పడే పైపుకి ఎదురు పక్కన ఉంచండి, లేకపోతే చిందే చుక్కలకే మోగుతుంది.

ఎంత లోతున వేలాడాలి? మా 1000 లీటర్ల ట్యాంకు నిండడానికి 25 నిమిషాలు పడుతుంది, అంటే నిమిషానికి 40 లీటర్లు. ట్యాంకు అడ్డకొలత సుమారు మీటరు కాబట్టి నిమిషానికి నీరు 5 సెంటీమీటర్లు లేస్తుంది. బజర్ మోగాక స్టవ్ మీది పోపు దించి వచ్చి మోటారు కట్టడానికి మా ఇంట్లో రెండు నిమిషాలు కావాలి. అందుకే ఓవర్‌ఫ్లో పైపు మూతికి 10 సెంటీమీటర్ల కింద ఉంచాను. మీ ట్యాంకుకి ఈ లెక్క మీరే వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకాస్త కిందికి దించండి.

వైరును పీవీసీ పైపులోంచి కిందికి తెచ్చుకోండి. మన రోహిణి కార్తె ఎండకి బయట వేలాడే వైరు తొడుగు పెళుసెక్కుతుంది, కోతులు వస్తే వాటి సంగతి సరేసరి. మోటారు కరెంటు వైరు ఉన్న పైపులోనే దీన్ని దూర్చకండి. అది ప్రమాదం. పైగా ఆ కరెంటు ప్రభావానికి బజర్ ఊరికే గురగురమంటుంది. విడిగా వేసినా అలా గురగురమంటే, ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య గోధుమ, నలుపు, పసుపు పట్టీల 100 కిలో ఓం రెసిస్టర్ ఒకటి కలపండి. ఖర్చు తగ్గుతుందని బ్యాటరీ బదులు చవకబారు అడాప్టర్ పెట్టే ఆలోచన మాత్రం వద్దు. దాంట్లో లోపం వస్తే కరెంటు నేరుగా ట్యాంకు నీళ్ళలోకే వెళ్తుంది.

అంతా బిగించి, పెట్టెను హాల్లో టీవీ పక్కన గర్వంగా తగిలించాను. వారం తిరక్కుండానే ట్యాంకు మళ్ళీ పొంగింది. మోటారు వేశాను గానీ బజర్ స్విచ్ వేయడం మర్చిపోయాను. పోనీ బజర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుదామంటే, మోటారు కట్టాక కూడా నీళ్ళు బోల్టుల కిందికి దిగేదాకా అది అరుస్తూనే ఉంటుంది. నేను రకరకాల సర్క్యూట్లు గీస్తూ కూర్చుంటే, అమ్మ వచ్చి "దీని నోరు మూయించడానికి హాల్లోకి ఒకసారి, మోటారు కట్టడానికి వంటింట్లోకి ఒకసారి పరిగెత్తాలా నాయనా?" అంది. వంటింట్లో మోటారు స్విచ్‌కి పైన ఓ మేకు కొట్టించి, పెట్టె సరిగ్గా ఆ స్విచ్‌ని కప్పేసేలా తాడుతో వేలాడదీసింది. ఇప్పుడు పెట్టెను పక్కకి జరపకుండా మోటారు వేయలేం. జరిపే చేతికి దాని స్విచ్ తగులుతుంది, వేస్తాం. నిండాక ముందు మోటారు, తర్వాత బజర్ కట్టేస్తాం. సర్క్యూట్‌లో ఒక్క తీగ కూడా మార్చలేదు.

నెలకోసారి ట్యాంకు మూత తీసి బోల్టులు చూడండి. బోరు నీళ్ళకి తెల్లటి పెచ్చు కడుతుంది. నిమ్మచెక్కతో రుద్ది కడిగేస్తే పోతుంది. రాగి తీగ కొసల్ని నేరుగా నీళ్ళలో ముంచితే పచ్చబడి అరిగిపోతాయి, స్టీలు బోల్టులు అడిగింది అందుకే. బజర్ గొంతు నీరసించిందంటే బ్యాటరీ అయిపోవచ్చిందని.

మా బజర్ మోత గోడ దాటి వినిపిస్తుంది. మేము కాస్త ఆలస్యం చేస్తే పక్కింటి పిన్నిగారు "మోటారు కట్టండర్రా!" అని కేకేస్తారు. వాళ్ళ ట్యాంకుకీ ఒకటి చేసిపెట్టమని అడిగారు. రెండు బజర్లూ ఒకేలా మోగితే ఎవరిది నిండిందో తెలియదు కాబట్టి, వాళ్ళకి ఆగి ఆగి మోగే రకం బజర్ వెతుకుతున్నాను.