స్కోప్ బొమ్మ పదునుగా పడకపోతే

ఫిల్మ్ మీద పక్కలకి నొక్కి ఉన్న బొమ్మని తెర మీద మళ్లీ వెడల్పు చేయడానికి ప్రొజెక్టర్ లెన్స్ ముందు తగిలించేది స్కోప్ లెన్స్. పాతది కొన్నవాళ్ల ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత తిప్పినా ఫోకస్ కుదరడం లేదు." నేను అడిగేదీ ఒకటే: స్కోప్ లెన్స్ తీసేసి చూశారా? చాలామంది చూడరు. తీసేసి, ప్రొజెక్టర్ లెన్స్‌తోనే బొమ్మ వేయండి. మనుషులు బక్కగా, పొడుగ్గా కనిపిస్తారు, ఫర్వాలేదు. అప్పుడూ మసకగానే ఉంటే లోపం గేట్‌లోనో (దీపం ముందు ఫిల్మ్‌ని పట్టి ఉంచే చోటు), వంకర తిరిగిన ఫిల్మ్‌లోనో, ప్రొజెక్టర్ లెన్స్‌లోనో ఉంది. స్కోప్ లెన్స్ జోలికి పోకండి.

అడ్డగీతలు కుదిరితే నిలువు గీతలు మసక, అవి కుదిరితే ఇవి మసక

స్కోప్ లెన్స్ రింగు మీద పెట్టిన దూరం తప్పు. లోపలున్నవి సిలిండర్ గాజులు, అంటే ఒక దిశలోనే వంపున్నవి. బొమ్మని పక్కలకి, సాధారణంగా 2 రెట్లు, సాగదీస్తాయి. నిలువు దిశలో వాటికి పనే లేదు. అంటే అడ్డగీతల పదును పూర్తిగా ప్రొజెక్టర్ లెన్స్ చేతిలోనే ఉంది. ముందు దానితో అడ్డగీతలు కుదర్చండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా స్కోప్ రింగు తిప్పి నిలువు గీతలు కుదర్చండి. ఈ వరస తప్పితే తెల్లారేదాకా తిప్పుతూనే ఉంటారు. రింగు మీది అంకెలు అడుగులో మీటర్లో కూడా ఒకసారి చూసుకోండి.

తెర మరీ దగ్గరైతే రింగు అనంతం దగ్గర పెట్టి, స్కోప్ లెన్స్ ముందు ఒక ప్లస్ లెన్స్ (కుంభాకార కటకం) తగిలించండి. 2 మీటర్ల దూరానికి +0.5 డయాప్టర్ సరిపోతుంది.

బొమ్మ పదునుగానే ఉంది, తలుపులూ గోడలూ ఒరిగాయి

స్కోప్ లెన్స్ మొత్తం క్లాంప్‌లో (దాన్ని పట్టి ఉంచే బిగింపు) తిరిగింది. నిలబెట్టి బిగించండి. లోపలి గ్రీజు గట్టిపడితే రింగు తిప్పినప్పుడల్లా లెన్సంతా తిరుగుతుంది. అప్పుడు గ్రీజు మార్చాల్సిందే.

వరస ప్రకారం చేసినా ఏదీ పూర్తిగా పదునెక్కదు

నా మూడు రాత్రులు తినేసిన జబ్బు ఇదే. గాజు తళతళలాడుతోంది, ఒక్క గీత లేదు. ప్రొజెక్టర్ లెన్స్ మార్చాను, క్లాంప్ మార్చాను, గేట్ రెండుసార్లు తుడిచాను. మసక మాత్రం పోలేదు. అసలు అనుమానించాల్సింది ఆ తళతళనే. నాకంటే ముందు ఎవరో విప్పి, శుభ్రంగా తుడిచి, ముందు సిలిండర్‌ని కొంచెం తిప్పి బిగించారు. ముందు గాజు, వెనక గాజు ఒకే దిశలో లేకపోతే ఏ రింగూ దాన్ని సరిచేయలేదు.

పట్టుకోవడం సులువే, కానీ నిలువు, అడ్డగీతల్లో దొరకదు. ఏటవాలు గీతలు కావాలి. సన్నని ఇత్తడి జాలీ ముక్కని గేట్‌లో ఫిల్మ్ బదులు ఏటవాలుగా పెట్టండి (కదలకుండా ఆపి ఉంచిన ఫిల్మ్ అయితే దీపం వేడికి కాలుతుంది). ఒక వైపు వాలిన తీగలు పదునుగా, రెండో వైపువి మసకగా ఉండి, ప్రొజెక్టర్ ఫోకస్ కొద్దిగా కదిపితే అటుది ఇటు మారిందా? దొంగ దొరికాడు.

చాలా లెన్సుల్లో ముందు గాజు చట్రాన్ని చుట్టూ తల లేని చిన్న స్క్రూలు పట్టి ఉంచుతాయి, కొన్నిటిలో బిగింపు రింగు ఉంటుంది. వదులు చేసే ముందు చట్రానికీ గొట్టానికీ కలిపి సూదితో ఒక గీత గీయండి. ఇది మానేసినవాళ్లే మళ్లీ నా దగ్గరికి వస్తారు. తర్వాత తెర చూస్తూ వెంట్రుకవాసి తిప్పండి. రెండు వాలు గీతలూ ఒకేసారి పదునెక్కిన చోట ఆగి, స్క్రూలన్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే గాజు మళ్లీ కదులుతుంది. చివర్లో లెన్స్ మొత్తాన్ని క్లాంప్‌లో ఇంకోసారి నిలబెట్టుకోండి, ఎందుకంటే దాని దిశ కూడా కాస్త మారి ఉంటుంది.

మిగతావి

మొహాలు లావుగా ఉంటే మీరు వేస్తున్నది స్కోప్ ప్రింటే కాదు. మూలలు నల్లబడితే రెండు లెన్సుల మధ్య ఖాళీ తగ్గించండి. అయినా పోకపోతే ఇంకాస్త ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న ప్రొజెక్టర్ లెన్స్ వాడాలి. అతికించిన గాజులు లోపల విడిపోయినా, బూజు గాజుని తినేసినా బాగుచేస్తూ కూర్చోకుండా వేరే లెన్స్ చూసుకోండి.