ఆన్, అబవ్ గొడవ ఎలా తీరిందంటే

పిల్లలకు ఇంగ్లిష్‌లో ఆన్, అబవ్, ఇన్ లాంటి మాటలు నేర్పేటప్పుడు మొదట్లో నేను చేసిన తప్పు, ‘ఆన్ అంటే పైన’ అని బోర్డు మీద రాసేయడం. దాంతో టేబుల్ పైన తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ని కూడా పిల్లలు ‘ఆన్ ది టేబుల్’ అనేశారు. వాళ్ల తప్పేం లేదు, మన తెలుగు ‘పైన’ రెండింటికీ సరిపోతుంది మరి.

అర్థాలు చెప్పడం మానేసి ఒక పెన్ను, అట్టపెట్టె తీసుకున్నాను. పెన్ను పెట్టెకు తగిలితే ఆన్. కాస్త పైకెత్తి గాల్లో ఉంచితే అబవ్. పెన్నుని పెట్టె పక్కవైపు టేపుతో అంటించి అడిగితే అందరూ తెల్లమొహం వేశారు. ‘తగిలిందా, లేదా?’ అన్నాను. ‘ఆన్!’ అని ఒకటే అరుపు. గోడ మీద గడియారం, సీలింగ్ మీద బల్లి వాళ్లే చెప్పేశారు.

ఇంకో చిక్కు, ‘ఇన్ ది బాక్స్’ అనకుండా ‘బాక్స్ ఇన్’ అనడం. మన ‘లో’ పేరు తర్వాత వస్తుంది కదా. ముందు ‘ఇన్’ అనిపించి, ఆ తర్వాతే పెట్టెను తట్టేవాణ్ణి. అదీ సర్దుకుంది. ‘ఎట్’ మాత్రం ఇప్పటికీ తలనొప్పే.