మూడో విమాన వాహక నౌక కావాలా? గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్‌ని ఎలా పట్టుకోవాలి

సైన్యంలో అధికారుల ఎంపిక కోసం జరిగే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకు గాజువాకలో సాయంత్రం పూట గ్రూప్ డిస్కషన్ నేర్పిస్తుంటాను. నేవీలో నా సర్వీసు ఎక్కువగా విరాట్ అనే విమాన వాహక నౌక (క్యారియర్) ఫ్లైట్ డెక్ మీద గడిచింది. విమానాలను డెక్ మీద జరపడం, నిలబెట్టడం, గాలికి కదలకుండా గొలుసులతో కట్టడం నా పని. అందుకే 'మూడో క్యారియరా, సబ్‌మెరైన్లా' అన్న టాపిక్ ఇచ్చినప్పుడల్లా పిల్లలు నా మొహం చూసి క్యారియర్ వైపు మాట్లాడటం మొదలుపెడతారు. అలా మాట్లాడొద్దు. ఏ వైపు మాట్లాడాలన్నది చివర తేల్చుకోవాల్సిన సంగతి.

ముందు ప్రశ్నని మార్చుకోండి. 'ఏ ఓడ గొప్పది' అని మొదలుపెడితే ఐదు నిమిషాల్లో రెండు జట్లై అరుచుకుంటారు. దాని బదులు నాలుగు చిన్న ప్రశ్నలు వేసుకోండి: ఏ సముద్రంలో, ఎవరితో, ఏ పని కోసం, ఎన్నేళ్లలోగా? పాకిస్తాన్‌తో పోరైతే అది అరేబియా సముద్రం, కరాచీ మన గుజరాత్ తీరానికి దగ్గర. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీని దెబ్బతీసింది నిపట్, నిర్ఘాత్, వీర్ అనే చిన్న మిస్సైల్ బోట్లు. మన అప్పటి క్యారియర్ పాత విక్రాంత్ బంగాళాఖాతంలో ఉంది. అదే చైనా సంగతైతే లెక్క వేరు. 2008 నుంచి వాళ్ల యుద్ధనౌకలు ఏడెన్ గల్ఫ్‌కి వస్తూనే ఉన్నాయి, 2017లో జిబూతీలో స్థావరం పెట్టారు. 2025 నవంబరులో ఫుజియాన్ చేరడంతో వాళ్లకు మూడు క్యారియర్లయ్యాయి. ఒడ్డు నుంచి లేచే మన విమానం అంత దూరం వెళ్లి అక్కడ గంటలకొద్దీ కాపలా కాయలేదు.

దీనికోసం హిందూ మహాసముద్రం మ్యాప్ ఒకటి కొని గోడకి అంటించుకోండి. ఫోన్‌లో చూస్తే దూరాలు ఒంటబట్టవు. తంజావూరు మీద ఒక గుర్తు పెట్టండి, బ్రహ్మోస్ మోసే సుఖోయ్ స్క్వాడ్రన్ 2020 నుంచి అక్కడుంది. గ్రేట్ నికోబార్‌లో క్యాంప్‌బెల్ బే మీద ఇంకొకటి పెట్టండి, అక్కడ నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ బాజ్ రన్‌వే ఉంది. 'అండమాన్ నికోబార్ దీవులే మనకు మునగని క్యారియర్' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది బలమైన మాటే, మలక్కా ద్వారం దగ్గర ఆ దీవుల విలువ చాలా ఎక్కువ. కానీ దీవి కదలదు. ఎక్కడుందో శత్రువుకి ముందే తెలుసు, మారిషస్ దగ్గర పని పడితే అక్కడికి రాలేదు. క్యారియర్ 18 నాట్ల వేగంతో నడిచినా రోజుకి 800 కిలోమీటర్లు వెళ్తుంది. ఈ ఒక్క లెక్క నోటికి వచ్చి ఉంటే చాలు, దీవుల వాదన వచ్చినప్పుడు టెన్షన్ పడక్కర్లేదు.

ఇక డబ్బు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

కొత్త విక్రాంత్‌కి దాదాపు 20 వేల కోట్లు అయిందని అందరూ చెప్తారు. అది ఓడ ఖర్చు మాత్రమే. ఓడ మీద ఎగిరే విమానాల ధర వేరు. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో 26 రఫేల్-ఎం విమానాలకు ఒప్పందం కుదిరింది. ఆయుధాలు, శిక్షణ, నిర్వహణ కలిపి దాదాపు 63 వేల కోట్లు. అంటే ఓడకి మూడింతలు! క్యారియర్ ఒంటరిగా బయల్దేరదు కూడా. చుట్టూ డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, నీటి కింద వీలైతే ఒక సబ్‌మెరైన్, వెనక ఇంధనం ఇచ్చే పెద్ద ఓడ ఉండాలి. ఆ ఇంధన ఓడలు ఐదింటిని మన హిందుస్థాన్ షిప్‌యార్డే కడుతోంది, 2023 ఆగస్టులో దాదాపు 19 వేల కోట్ల కాంట్రాక్టు వచ్చింది. అందుకని 'ఒక క్యారియర్ ధరకి ఇన్ని సబ్‌మెరైన్లు వస్తాయి' అని ఎవరైనా అంటే, ఏ ధర అని అడగండి. ఓడదా, మొత్తం దండుదా? అలాగే ఆ ఎస్కార్టు ఓడలన్నీ క్యారియర్ లేకపోయినా కొనాల్సినవే అని క్యారియర్ పక్షం చెప్పొచ్చు. అదీ నిజమే. రెండు లెక్కలూ దగ్గర పెట్టుకోండి.

పాత ఓడ చవక అన్న మాట వస్తే రష్యా నుంచి తెచ్చుకున్న మన ఇంకో క్యారియర్ విక్రమాదిత్యని గుర్తుచేయండి. 2004లో 97 కోట్ల 40 లక్షల డాలర్లకి ఒప్పుకున్న మార్పుల పని చివరికి 230 కోట్ల డాలర్లు దాటింది, ఓడ 2013 నవంబరులో గానీ చేతికి రాలేదు. ఇక నేవీ వాటా సంగతి. 2012లో రక్షణ బడ్జెట్‌లో 18 శాతం ఉన్నది 2019-20కి 13 శాతానికి పడిపోయిందని అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ కరంబీర్ సింగ్ బహిరంగంగానే చెప్పారు. 2020లో అప్పటి రక్షణ దళాల అధిపతి (సీడీఎస్) జనరల్ బిపిన్ రావత్ సబ్‌మెరైన్లకే ముందు వరస అన్నారు, కరంబీర్ సింగ్ మూడో క్యారియర్ కావాలన్నారు. ఇద్దరూ దేశం కోసమే మాట్లాడారు. డిస్కషన్‌లో ఎవరినీ తక్కువ చేసి మాట్లాడకండి, అది మీకే మచ్చ.

'మూడు ఎందుకు, రెండున్నాయి కదా' అన్నదానికి జవాబు ఒక్క వాక్యం: ఒకటి ఎప్పుడూ రీఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో ఉంటుంది. విరాట్ డ్రై డాక్ ఎక్కిన నెలల్లో పైలట్లు డెక్ ల్యాండింగ్ అలవాటు తప్పిపోకుండా ఎంత తంటాలు పడేవారో దగ్గరుండి చూశాను. తూర్పు తీరానికి ఒకటి, పడమర తీరానికి ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటే మూడుండాలి.

చరిత్రని వాడేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 1971ని రెండు పక్షాలూ వాడుకోవచ్చు, మీరు రెండూ చెప్పగలగాలి. బాయిలర్‌లో పగులుతోనే పాత విక్రాంత్ వెళ్లింది. దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేసి తూర్పు పాకిస్తాన్‌కి సముద్రం దారి మూసేశాయి. ఇది క్యారియర్ పక్షం. కానీ దాన్ని వేటాడటానికి ఘాజీ అనే ఒక్క పాకిస్తాన్ సబ్‌మెరైన్ వస్తే, విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉందనిపించేలా ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేత వైర్‌లెస్ సందడి చేయించాల్సి వచ్చింది. ఘాజీ మన విశాఖ ముందే మునిగింది. ఎలా మునిగిందన్నదాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి, ఆ వివరంలోకి పోయి సమయం పోగొట్టుకోకండి. డిసెంబరు 9న పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. సబ్‌మెరైన్ ఏం చేయగలదో చెప్పడానికి అంతకంటే బరువైన ఉదాహరణ మన నేవీలో లేదు.

బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధం కూడా చదవండి. అప్పటి బ్రిటిష్ ఓడ హెర్మీసే తర్వాత మన విరాట్ అయింది. 1982లో అది, ఇన్విన్సిబుల్ అనే ఇంకో క్యారియర్ లేకపోతే బ్రిటన్ అంత దూరం వెళ్లి దిగేదే కాదు. అదే యుద్ధంలో ఒక బ్రిటిష్ అణు సబ్‌మెరైన్ యుద్ధనౌక బెల్‌గ్రానోని ముంచగానే అర్జెంటీనా క్యారియర్ రేవుకి వెళ్లిపోయి మళ్లీ బయటికి రాలేదు. ఇక బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్ మిస్సైల్ దెబ్బ తినడానికి ఒక కారణం, దూరం నుంచి చూసే రాడార్ విమానం బ్రిటిష్ దండులో లేకపోవడం. ఇది ఇవాళ్టి మన సమస్యే. మన రెండు క్యారియర్ల మీదా స్కీ-జంప్, అంటే విమానం పైకి లేవడానికి డెక్ చివర వంపు తిరిగిన ర్యాంప్ ఉంది. బరువైన రాడార్ విమానం లేవాలంటే దాన్ని వేగంగా ముందుకి విసిరే కెటపుల్ట్ కావాలి. కాబట్టి మనం రాడార్ మోసే కామోవ్-31 హెలికాప్టర్లతో సరిపెట్టుకుంటున్నాం. ఓడలను దూరం నుంచి కొట్టే చైనా డీఎఫ్-21డీ, డీఎఫ్-26 మిస్సైళ్ల గురించి ఎదుటివాళ్లు ఎత్తితే, క్యారియర్‌ని కాపాడే మొదటి పని దూరం నుంచి చూడటమని చెప్పి ఈ విషయానికి రండి. 'మిస్సైళ్ల కాలంలో క్యారియర్ పని అయిపోయింది' అన్న మాటకి, మరి చైనా ఎందుకు కట్టుకుంటూ పోతోందని అడగవచ్చు, కానీ అది సగం జవాబే.

కాలం మాట మరవకండి. కొత్త విక్రాంత్‌కి 2009 ఫిబ్రవరిలో కీల్ (ఓడ అడుగు దూలం) వేస్తే నేవీలో చేరింది 2022 సెప్టెంబరు 2న. ఇవాళ ఊ అన్నా మూడోది వచ్చేసరికి మీలో కొందరు కమాండర్లై ఉంటారు.

ఇప్పుడు నా వైపు. అందరూ క్యారియర్, సబ్‌మెరైన్ అని కొట్టుకుంటారు గానీ మైన్ల (నీటిలో పెట్టే మందుపాతరల) గురించి ఎవరూ ఎత్తరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. మన దగ్గర సముద్రంలో మైన్లు ఏరే ప్రత్యేక ఓడ ఒక్కటీ లేదు. చివరిదైన కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో సర్వీసు ముగించింది. కొత్తవాటికి రక్షణ శాఖ తొలి ఆమోదం 2025 జులైలో వచ్చింది, ఓడలు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. విశాఖ డాక్‌యార్డ్ నుంచి బయటికొచ్చే ఓడ ఏదైనా యారాడ కొండ పక్కన సన్నటి కాలువ దాటే రావాలి. ఆ నోటి దగ్గర నాలుగు మైన్లు వేస్తే చాలు, తూర్పు నౌకాదళం ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేదు. నా వరసలో మైన్లు ఏరే ఓడలు ముందు. తర్వాత విశాఖలో కట్టడానికి 2024 అక్టోబరులో ఆమోదం పొందిన రెండు అణు దాడి సబ్‌మెరైన్లు. ఆ తర్వాత కొచ్చిలో విక్రాంత్ లాంటిదే ఇంకొకటి. అరవై వేల టన్నుల పెద్దది కాదు, అదే కొలత. పని తెలిసిన వెల్డర్లు, ఇంజనీర్లు చెదిరిపోకముందే మొదలుపెట్టాలి.

మీ వరస వేరుగా ఉండొచ్చు. గదిలో మార్కులు వచ్చేది ఆ వరసకి మీరు చూపించే కారణానికి.

లెక్చరెట్‌లో, అంటే ఒక్కరే నిలబడి చేసే చిన్న ప్రసంగంలో ఇదే టాపిక్ వస్తే మాట్లాడటానికి మూడు నిమిషాలే ఉంటాయి. మొదటి అర నిమిషం పని ఏమిటో చెప్పండి. తర్వాతి నిమిషం మ్యాప్, డబ్బు. ఇంకో నిమిషం ఎదుటి పక్షం అత్యుత్తమ వాదన, దానికి మీ జవాబు. మిగిలిన అర నిమిషంలో మీ వరస చెప్పి ఆపేయండి. గ్రూప్‌లో అయితే మొదట మాట్లాడాలని తొందరపడకండి, చర్చ 'గొప్పది ఏది' అన్న గోతిలో పడే దాకా ఆగి, ఆ నాలుగు ప్రశ్నలతో లేపండి. అంకె గుర్తుకు రాకపోతే కల్పించొద్దు, 'దాదాపు' అని కూడా ఊహించి చెప్పొద్దు. అంకె లేకుండా కారణం మాత్రం చెప్పండి. మీ ఎదురుగా కూర్చుని గ్రూప్ పరీక్షలు చూసే జీటీఓ సర్వీసులో ఉన్న అధికారి, తప్పు అంకె చెప్తే అక్కడికక్కడే పట్టేస్తారు.