సెలవుల్లో గేమింగ్ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తున్నారా? ముందు ఆ 48 అంకెలు రాసుకోండి

సెమిస్టర్ పరీక్షలు అయిపోవస్తున్నాయి. సెలవుల్లో విండోస్ పక్కనే లైనక్స్ కూడా వేసుకుందామని చాలామంది చూస్తుంటారు. పోయిన వారం మా కాలనీలో ఫైనలియర్ అబ్బాయి ఒకడు ఆ పని మొదలుపెట్టాడు. ఎక్కడో చూసి బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే కాపలా) ఆఫ్ చేశాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేస్తే విండోస్ రాలేదు, నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) తెరిచే 48 అంకెల రికవరీ కీ అడిగింది. అలాంటిది ఒకటుందని అతనికి తెలిసింది అప్పుడే. కంగారులో బయోస్‌లో కనిపించినవన్నీ మార్చేశాడు. ప్రాజెక్టు రిపోర్టు, కోడ్, ఇంట్లో పెళ్లి ఫొటోలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఇప్పటికీ తెరుచుకోలేదు.

బ్యాకప్ తీసుకోవాలి, పెన్‌డ్రైవ్ ఇంత సైజుండాలి అనేవి ఏ వీడియో చూసినా చెబుతారు. వీడియోల్లో రెండు ముక్కల్లో దాటేసేవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

కీ సంగతి

'నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే' అంటారు అందరూ. మీరు పెట్టక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, చాలా మోడల్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అదే తాళం దానంతటదే పడుతుంది. 2024లో విండోస్ 11 24హెచ్2 వచ్చాక కొత్తగా సెటప్ చేసిన హోమ్ ఎడిషన్లలో ఇది ఇంకా ఎక్కువైంది. ఆ తాళం తీసే కీ టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్ దగ్గర ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా ఆ చిప్‌కి అనుమానం వచ్చి దాన్ని ఇవ్వననొచ్చు. మార్చినదాన్ని మళ్లీ ముందున్నట్టే పెట్టినా తెరుచుకోకపోతే, పనికొచ్చేది ఆ 48 అంకెల కీ ఒక్కటే. అది లేకపోతే సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా చేయగలిగింది ఫార్మాట్ చేసివ్వడమే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో కుర్రాడే సెటప్ చేసిస్తాడు. చాలాసార్లు అప్పటికప్పుడు ఏదో కొత్త మెయిల్ తెరిచి, దాంతోనే లాగిన్ చేస్తాడు. కీ వెళ్లి కూర్చునేది ఆ మెయిల్ అకౌంట్‌లో. దాని పాస్‌వర్డ్ మీకు తెలియదు, అతనికి గుర్తుండదు. కాబట్టి సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడున్న మెయిల్ నిజంగా మీదేనా అని ఇప్పుడే చూడండి. మీదైతే ఫోన్‌లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లో లాగిన్ అయి, డివైసెస్ కింద రికవరీ కీ వెతకండి. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు మీ ల్యాప్‌టాప్‌వేనా అని సరిచూడండి. కాగితం మీద రాయండి. దాన్నే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో దాచుకున్నవాళ్లను చూశాను. దానివల్ల ఏం లాభం?

కీ చేతికొచ్చాక కూడా, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయడమే మంచిది. డీక్రిప్షన్ (డిస్క్ తాళం తీయడం) పూర్తయ్యేవరకు ఛార్జర్ తీయకండి, బయోస్ జోలికి వెళ్లకండి.

నీలం తెర ఇప్పటికే వచ్చేసిందా? మీరు మార్చినదాన్ని అచ్చం ముందున్నట్టే పెట్టి చూడండి. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసుంటే మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు తెరుచుకుంటుంది. బయోస్‌లో 'క్లియర్ టీపీఎమ్' అని ఉంటుంది, దాన్ని మాత్రం నొక్కకండి. నొక్కితే ఆ ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

డిస్క్ సంగతి

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో లైనక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు. కారణం బయోస్‌లో వీఎండీ లేదా ఆర్ఎస్‌టీ మోడ్, అంటే డిస్క్‌ని ఇంటెల్ తన పద్ధతిలో నడిపించే సెట్టింగ్. 'ఏహెచ్‌సీఐకి (మామూలు డిస్క్ మోడ్) మార్చేయ్' అని ఎవరో ఒకరు చెబుతారు. నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందు ఎమ్ఎస్ కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగ్స్ టూల్) సేఫ్ మోడ్‌కి టిక్ పెట్టి, రీస్టార్ట్‌లోనే బయోస్‌కెళ్లి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి విండోస్ తెరిచాక ఆ టిక్ తీసేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఈ మార్పుకీ బిట్‌లాకర్ కీ అడగొచ్చు. మళ్లీ అదే మాట: కీ రాసుకోకుండా బయోస్‌లో ఏదీ ముట్టుకోవద్దు.

రెండు ఎస్ఎస్‌డీలుంటే ఇన్‌స్టాలర్ ఇచ్చే నంబర్లను నమ్మకండి, బూట్ బూట్‌కీ అవి తారుమారు కావచ్చు. సైజు, మోడల్ పేరు చూసి ఎంచుకోండి. రెండూ ఒకే సైజు, ఒకే మోడలైతే విండోస్ ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టి మొదలుపెట్టండి.

గ్రాఫిక్స్, గేములు, మిగతావి

సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచి ఉబుంటులో (ఒక రకం లైనక్స్) ఎన్విడియా డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ కాగానే 'మోక్ మేనేజ్‌మెంట్' తెర వస్తుంది, సెక్యూర్ బూట్ ఆ డ్రైవర్‌ని నమ్మేలా చేసేది ఇక్కడే. అక్కడుండేది 10 సెకన్లే. టీ తెచ్చుకుందామని లేచారంటే అది దాటిపోతుంది. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. 'కంటిన్యూ' కొట్టారో డ్రైవర్ లోడ్ కాదు, ఎన్విడియా కార్డు ఉండి కూడా గేమ్ నత్తనడక నడుస్తుంది.

వాలరెంట్ లైనక్స్‌లో ఆడదు. ఫోర్ట్‌నైట్ ఆడదు. అపెక్స్ లెజెండ్స్‌కి 2024 చివర్లో లైనక్స్ దారి మూసేశారు. అవే మీ గేములైతే విండోస్ తీసేయకండి.

విండోస్ 11లో వాలరెంట్‌కి సెక్యూర్ బూట్ కావాలి. ఆఫ్ చేసి వదిలేస్తే అక్కడా ఆడదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే డిస్క్ సగం నిద్రలో ఉంటుంది, లైనక్స్ నుంచి దానిమీద రాయడం ప్రమాదం.

లైనక్స్‌కి చోటు కోసం విండోస్ పార్టిషన్ (డిస్క్‌లో దాని భాగం) తగ్గించడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి. తగ్గించాక విండోస్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.

ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' వద్దు. తొందరలో ఉన్నా వద్దు.

విండోస్‌లోని స్టీమ్ ఫోల్డర్‌ని లైనక్స్‌లో వాడకండి. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్ ఫార్మాట్) మీద ప్రోటాన్ (లైనక్స్‌లో విండోస్ గేములు నడిపే స్టీమ్ టూల్) గేములు మొరాయిస్తాయి.

లైవ్ పెన్‌డ్రైవ్ (లైనక్స్ వేయడానికి వాడినది) చెరపకండి, బూట్ పాడైతే బాగుచేయడానికి అదే కావాలి. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ దెబ్బకి చాలా డ్యూయల్ బూట్ మెషిన్లలో లైనక్స్ బూట్ కాలేదు.

విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే భయపడకండి. లైనక్స్ ల్యాప్‌టాప్ గడియారంలో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. సరిచేయొచ్చు.

వారంలో వైవా ఉంటే మొదలుపెట్టకండి.

కీ కాగితం ఎదురుగా లేకపోతే అసలు మొదలుపెట్టకండి.

ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్‌లోకి వెళ్లి మీ ఫైళ్లు ఒకటి రెండు తెరిచి చూడండి. అవి తెరుచుకుంటేనే లైనక్స్‌లో గేములు దించుకోవడం మొదలుపెట్టండి.