పెరటి నుయ్యి పూడిక తీయిస్తున్నారా? ఒకరు పడితే రెండోవాళ్ళు దిగకండి

2025 ఏప్రిల్ 3న మధ్యప్రదేశ్ ఖాండ్వా జిల్లాలోని ఒక పల్లెలో, గణగౌర్ పండుగ నిమజ్జనానికని పాత బావి బాగుచేయడానికి దిగి ఎనిమిది మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో మహారాష్ట్ర అహ్మద్‌నగర్ జిల్లాలో, పాడుబడ్డ బావిలో పడిన పిల్లిని తీయబోయి ఐదుగురు పోయారు. ఆ జూలైలోనే ఛత్తీస్‌గఢ్ జాంజ్‌గీర్-చాంపా జిల్లాలో, బావిలో పడిన చెక్క తీయబోయి మరో ఐదుగురు. మూడు చోట్లా జరిగింది ఒకటే. ముందు దిగినవాళ్ళు స్పృహ తప్పారు. పైన ఉన్నవాళ్ళు చూస్తూ ఊరుకోలేక, కాపాడదామని దిగారు.

మన పెరళ్ళలోనూ ఎండలు ముదిరి ఊట అడుక్కి చేరగానే పూడిక తీయించాలన్న ఆలోచన వస్తుంది. తొలకరి పడేలోగా పని అయిపోవాలని తొందర. చెప్పులు జారతాయి, మోకు గట్టిదేనా చూసుకోవాలి లాంటివి మీకు తెలిసినవే, నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ రెండోవాడి గురించి. పడిపోయినవాడి తమ్ముడో, కొడుకో, పక్కింటి కుర్రాడో అయి ఉంటాడు. అతను దిగకపోతే పోయేది ఒక ప్రాణం, అదీ ఒక్కోసారి దక్కుతుంది. దిగితే రెండూ పోతాయి.

లోపల ఏం జరుగుతుందంటే

నూతి అడుగున ఉండే నల్ల బురద చాలావరకు కుళ్ళిన ఆకులే. మామిడాకు, వేపాకు, కొబ్బరి పీచు ఏళ్ళ తరబడి పడి మగ్గుతాయి. అలా మగ్గుతూ అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి, కార్బన్ డయాక్సైడ్‌నూ మీథేన్‌నూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ వదులుతాయి. వీటిలో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు. అందుకే పైకి రాకుండా అడుగునే నిలిచిపోతాయి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. అది 6 శాతం కన్నా తగ్గితే మనిషికి అరిచే వ్యవధి కూడా ఉండదు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. పై నుంచి చూసేవాళ్ళకు కాలు జారి పడ్డట్టు కనిపిస్తుంది. నీళ్ళు మోకాలి లోతే కదా, లేపి కూర్చోబెడదామని ఒకరు దిగుతారు. దిగినవాడూ పీల్చేది ఆ గాలే.

బురదను కదపకముందు గాలి బాగానే ఉండొచ్చు. పార వేసి కదిపిన కొద్దీ లోపల చిక్కుకున్న వాయువు బుడగలు బుడగలుగా బయటికి వస్తుంది. పొద్దున దిగి గంటసేపు హాయిగా పని చేసినవాడు, టీ తాగొచ్చి మళ్ళీ దిగినప్పుడు పడిపోతాడు. కాబట్టి ‘ఇందాకే దిగాను, ఏమీ కాలేదు’ అన్న మాట మీద భరోసా పెట్టుకోకండి.

దీపం పరీక్ష సంగతి

లాంతరు దించి చూడటం పాత పద్ధతి. ఆరిపోతే అక్కడ ఆక్సిజన్ తక్కువని తెలుస్తుంది, దిగకూడదు. ఆరకపోతే మాత్రం క్షేమమని అర్థం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ నిండి ఉంటే మంట అంటుకుంటుంది కూడా. కుళ్ళిన గుడ్డు వాసన రావడం లేదు కదా అని నమ్మడమూ తప్పే, ఆ వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. ముక్కుకు తడి గుడ్డ, కరోనా నాటి మాస్క్ ఇక్కడ ఎందుకూ కొరగావు. లేని ఆక్సిజన్‌ను గుడ్డ తెచ్చిపెట్టదు. నమ్మదగింది గాలిని కొలిచే గ్యాస్ మీటరు ఒక్కటే.

అసలు మనిషి దిగాలా?

చాలా ఇళ్ళలో అక్కర్లేదు. మడ్ పంపు గొట్టం దించి, పై నుంచి నీళ్ళు కొడుతూ బురదను కలిపి తోడించవచ్చు. తేలే ఆకులకు పొడవాటి వెదురు గడకు వల కట్టుకుంటే చాలు. నూతి మీదికి వాలిన కొమ్మలు కొట్టేసి, చిన్న కన్నుల వల బిగిస్తే, ఆ తర్వాత పూడిక చేరేదే కొంచెం. ఆకు పడనివ్వకపోవడం అన్నిటికన్నా చవక, క్షేమం కూడా. ఈ పని ఏటా చేసే ఇంట్లో మనిషిని దించాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

తప్పదనుకుంటే బ్లోయర్, అంటే గొట్టంలోంచి గాలి ఊదే యంత్రం, తెప్పించండి. దాని గొట్టం అడుగు దాకా దిగాలి. మనిషి దిగకముందే చాలాసేపు నడపాలి, అతను పైకి వచ్చేదాకా ఆపకూడదు. వేపకొమ్మలు కట్టి పైకీ కిందికీ ఆడించడం దీనికి సాటి రాదు.

నడుముకు తాడు కట్టి దించుతారు చూడండి, అది చాలదు. స్పృహ తప్పిన మనిషి వెనక్కి వాలిపోయి ఆ ముడిలోంచి జారిపోతాడు. భుజాలనూ తొడలనూ కలిపి పట్టే బెల్టు కావాలి, దాని తాడు మొదటి నుంచీ పై వాళ్ళ చేతిలో ఉండాలి. దించే ముందు 75 కిలోల బియ్యం బస్తా అదే తాడుకు కట్టి, ఉన్న మనుషులతోనే అడుగు నుంచి పైకి లాగి చూడండి. బస్తా రాకపోతే మనిషీ రాడు. నీళ్ళు తోడుకునే గిలకను నమ్మకండి, దాని ఇరుసు బిందె బరువుకు వేసింది.

ఇక ఇవన్నీ పాటించండి:

ఆయిల్ ఇంజన్‌ను నూతిలోకి దించకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఒడ్డు మీద పెట్టినా పొగ గొట్టం అవతలి వైపుకు తిప్పండి.

మనిషి నీళ్ళలో ఉండగా కరెంటు మోటారు నడపకండి. స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్ పీకండి.

తీసిన బురద ఒడ్డున కుప్ప పోయకండి, ఆ బరువుకు పాత ఒరలు లోపలికి కూలతాయి.

ఒరల మధ్య పగులుంటే ఎవరినీ దించకండి.

పైన ఒక మనిషి వేరే పని పెట్టుకోకుండా నిమిషానికోసారి పిలవాలి. ‘అన్నా, పలుకు!’ పలకలేదా, తాడు లాగెయ్యండి. రెండోసారి పిలవకండి.

తాగినవాళ్ళను దించకండి.

పైన మనుషులు లేకుండా ఒంటరిగా దిగకండి.

పిల్లల్ని అటు రానివ్వకండి.

పడిపోయాడా? ఎవరూ దిగకండి. తాడు లాగండి, బ్లోయర్ ఆపకండి. 101కి, 108కి ఫోన్ చేయండి, ‘బావిలో గ్యాస్, మనిషి పడిపోయాడు’ అని చెప్పండి. ఫైర్ వాళ్ళు గాలి సిలిండర్ తగిలించుకుని దిగుతారు, మీ దగ్గర అది లేదు.

అతని తమ్ముడు దూకబోతాడు. పట్టుకోండి. తిట్టినా, కొట్టినా వదలకండి.

ఊపిరి బిగబట్టి వెళ్ళొస్తానంటాడు. వెళ్ళనివ్వకండి. బరువు లేపగానే ఊపిరి వదిలేస్తాడు.

సంపుకైనా, సెప్టిక్ ట్యాంకుకైనా ఇదే నియమం. ఎవరూ దిగకండి.

పని అయ్యాక మొదటి ఊట నీళ్ళు తోడి పారబోయండి. ఆ తర్వాత ప్రతి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్లో కలిపి, తేరిన నీళ్ళను మాత్రమే నూతిలో వదలండి, అడుగున మిగిలిన సున్నం పారేయండి. గంట దాకా ఆ నీళ్ళు వాడకండి. ఆ బకెట్లో యాసిడ్ పడనివ్వకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.