అమెరికా స్వాతంత్ర్య పోరాటం పిల్లలకి ఇలా చెప్పి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా వరండాలో చాలా ఏళ్లుగా సోషల్ ట్యూషన్ చెబుతున్నాను. మొదట్లో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించిన ఏడాది, 1776 అని బోర్డు మీద రాసి పాఠం మొదలుపెట్టేదాన్ని. ఒక పిల్లాడు పరీక్షలో ‘బోస్టన్‌లో అందరూ టీ తాగి స్వాతంత్ర్యం ప్రకటించారు’ అని రాసొచ్చాడు. తప్పు వాడిది కాదు, నాది.

ఇప్పుడు సమోసాలతో మొదలుపెడుతున్నాను. బయట పది రూపాయలున్నది ఎనిమిదికే ఇస్తానని చెప్పండి. ఎగబడతారు. ‘అందులో రూపాయి పై వాటాలో ఉన్నవాళ్లకి పన్ను, వాళ్లే పెట్టారు’ అనండి. ‘మధ్యలో వాళ్లెవరండీ?’ అని ఎవరో ఒకరు లేస్తారు. అక్కడ కాసేపు ఆగండి. సగం పాఠం అయిపోయినట్టే.

అప్పుడు 1773కి వెళ్లండి. టీ ధర పెరిగి గొడవైందని చాలామంది చెబుతారు, కాదు. ఆ ఏడాది చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ చవకైంది. పౌనుకి మూడు పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంది. అది వేసిన లండన్ పార్లమెంటులో అమెరికాలోని పదమూడు బ్రిటిష్ వలసల తరఫున ఒక్క సభ్యుడూ లేడు. చవకని కొంటే ఆ పెత్తనానికి తల ఊపినట్టే. అందుకే డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెల టీ బోస్టన్ రేవులో నీళ్లపాలైంది. పన్ను కట్టబోమని 1921లో ఊరొదిలి పాకల్లోకి వెళ్లిన చీరాల-పేరాల జనం గురించి ఇక్కడే చెప్పండి. రెండూ ఒకటే అని మాత్రం అనకండి, మనవాళ్లు తుపాకీ పట్టలేదు.

యుద్ధానికి మూడు ముక్కలు చాలు: 1775లో లెక్సింగ్టన్‌లో మొదటి కాల్పులు, 1777లో సారటోగాలో వలసలవాళ్ల గెలుపు, అది చూసి 1778లో ఫ్రాన్స్ వాళ్లతో చేతులు కలపడం. సుద్దముక్క యార్క్‌టౌన్‌కి దాచుకోండి. హంసలదీవి బొమ్మ గీసి, అక్కడో సైన్యం ఇరుక్కుందనుకోమనండి. నేల మీద అమెరికా సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి దళాలు. సముద్రం వైపు ఫ్రెంచి ఓడలు. 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ పరిస్థితి అదే. లొంగిపోయే రోజు ఒంట్లో బాగాలేదని తాను రాకుండా కిందివాణ్ణి పంపాడు. హోంవర్క్ చేయనప్పుడు మా పిల్లలకీ అదే జబ్బు.

అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ ఒప్పుకున్న 1783 పారిస్ సంధి చెప్పేసి పుస్తకం మూయకండి. ఇదే కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారు కంపెనీ చేతికొచ్చింది ఆయన హయాంలోనే, 1788లో. పోయినేడు ఇది వినగానే చాప చివర కూర్చున్న పిల్ల, ‘అక్కడ పోగొట్టుకుంది ఇక్కడ రాబట్టుకున్నాడా మేడమ్?’ అంది.

ఆ ప్రశ్న వచ్చేదాకా సమోసాల గిన్నె మూత తీయకండి.