కారు స్పార్క్ ప్లగ్గులు: ఎప్పుడు మార్చాలి, ఎంతవుతుంది, ఎలా బిగించాలి?

పెట్రోలు కారుకు, ఇంజనులో పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవడం ఇంటి ముందు గంటలో ముగిసే పని. చేయి తిరిగిన మెకానిక్ అయితే అరగంటలోపే ముగిస్తాడు. అయినా ఈ చిన్న పనిలో ఇంజన్ హెడ్డులో (సిలిండర్ల పైమూతలో) ప్లగ్గు బిగించే మరలు పాడుచేసుకొని లేత్ షాపుల చుట్టూ తిరిగేవారు విజయవాడ ఆటోనగర్‌లో తరచూ కనిపిస్తూనే ఉంటారు. డీజిలు కార్లకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు కనుక ఆ కార్లవారికి ఈ బెడద లేదు.

ఎప్పుడు మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. సాధారణ నికెల్ ప్లగ్గులకు చాలా కార్లలో 30 వేల నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గులకు 80 వేల నుంచి లక్ష వరకు గడువు ఉంటుంది. సీఎన్‌జీ మీద నడిచే కారులో గ్యాసును అంటించడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి ప్లగ్గులు త్వరగా అరుగుతాయి. అటువంటి కారుకు గడువు దాకా ఆగకుండా ముందే విప్పి చూసుకోవాలి. ఉదయం పూట సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు ఇంజన్ మిస్ అవుతూ (ఏదో ఒక సిలిండరులో పెట్రోలు అంటుకోక) వణకడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం, మైలేజీ పడిపోవడం వంటి లక్షణాలు కనిపించాక కూడా వాయిదా వేయడం తెలివైన పని కాదు. మిస్ అయిన సిలిండరులో కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరుకు చేరి, అక్కడ మండి, దాన్ని పాడుచేస్తుంది. కొన్ని వందల రూపాయల ప్లగ్గును ఆలస్యం చేసినందుకు వేల రూపాయల భాగం పోతుంది.

ఇక ఖర్చు. నికెల్ ప్లగ్గు ఒక్కొక్కటి సుమారు 100 నుంచి 250 రూపాయలు, ఇరిడియం ప్లగ్గు సుమారు 500 నుంచి 1,000 రూపాయలు ఉంటుంది. మూడు సిలిండర్ల చిన్న కారుకు మూడు, నాలుగు సిలిండర్ల కారుకు నాలుగు ప్లగ్గులు కావాలి. పాత హోండా సిటీలోని ఐ-డీఎస్ఐ ఇంజనుకు మాత్రం సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది పడతాయి. కూలి బయటి షెడ్డులో రెండు వందల నుంచి ఐదు వందల రూపాయల మధ్య ఉంటుంది, కంపెనీ సర్వీసు సెంటరులో అంతకన్నా ఎక్కువ. కొన్ని ఇంజన్లలో ప్లగ్గులు చేతికి అందాలంటే ఇంజనుకు గాలి తెచ్చే గొట్టాల భాగం (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్) విప్పాలి. అటువంటి కారు ఉన్నవారు ఇంటి దగ్గర ప్రయత్నించకుండా మెకానిక్‌కే అప్పగించాలి.

ప్లగ్గు నంబరు పుస్తకంలో ఏది ఉంటే అదే కొనాలి, బిల్లుతోనే కొనాలి. నికెల్ ప్లగ్గు కోసం తయారైన ఇంజనులో ఇరిడియం వేస్తే మైలేజీ అమాంతం పెరుగుతుందని కౌంటరు మీద చెప్పే మాట నమ్మనవసరం లేదు. దానివల్ల ప్లగ్గు ఎక్కువకాలం మన్నుతుందే తప్ప ఆగిన ఇంజనుకు ప్రాణం పోయదు. అంతకన్నా చెడ్డ అలవాటు పాత ప్లగ్గులను ఎమెరీ పేపరుతో గీకి, పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించడం. నిప్పురవ్వ సులువుగా పుట్టడానికి ఎలక్ట్రోడు (ప్లగ్గు చివరి లోహపు మొన) అంచు పదునుగా ఉండాలి. అరిగి గుండ్రబడిన అంచును గీకితే అది మెరుస్తుంది గానీ పదును తిరిగి రాదు. ఇరిడియం ప్లగ్గునైతే అసలు గీకకూడదు, దాని సన్నని మొన విరిగిపోతుంది.

సామాన్లు పెద్దగా అక్కరలేదు. లోపల రబ్బరు ఉన్న ప్లగ్ సాకెట్ (ఎక్కువ కార్లకు 16 మిల్లీమీటర్లు, కొన్నింటికి 14), పొడవాటి ఎక్స్‌టెన్షన్, రాచెట్ (తిప్పే పిడి), ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ బోల్టు కోసం 10 మిల్లీమీటర్ల సాకెట్, ప్లగ్గు మొనల మధ్య గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఉంటే చాలు. దుమ్ము ఊదడానికి కంప్రెసర్ గాలి కావాలి. అది లేకపోతే ఒక చిన్న ఫుట్ పంపు సరిపోతుంది.

పని తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట కాదు. వేడి మీదున్న అల్యూమినియం హెడ్డులోంచి ప్లగ్గు తిప్పితే మరలు ప్లగ్గుతోపాటే ఊడి వచ్చే ప్రమాదం ఉంది. మన ఎండాకాలంలో గుంటూరు వెళ్లి వచ్చిన కారు ఇంజను సాయంత్రానికి కూడా చల్లారదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారునే ముట్టుకోవాలి.

తాళంచెవి బయటికి తీసేసి, బానెట్ ఎత్తి, కాయిల్ కనెక్టరు క్లిప్పును నొక్కి తీయాలి. వేడికి పెళుసెక్కిన క్లిప్పు కనుక వైరు పట్టి లాగకూడదు. బోల్టు విప్పి, కాయిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పి పైకి లాగాలి. ఒక సిలిండరు పని పూర్తిగా ముగిశాకే రెండోదానికి వెళ్లాలి. ప్లగ్గు కదపకముందే అది కూర్చున్న గుంతలో గాలి ఊదాలి. మన రోడ్ల దుమ్ము, నూనె కలిసి అక్కడ ముద్దలా పేరుకొని ఉంటుంది, ప్లగ్గు తీశాక ఊదితే అదంతా నేరుగా సిలిండరులో పడుతుంది. తర్వాత ప్లగ్గు విప్పాలి. గట్టిగా ఉంటే బలవంతం చేయకుండా తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, కాసేపు ఆగి, కొంచెం విప్పి మళ్లీ కొంచెం బిగిస్తూ బయటికి తేవాలి. కొత్త నికెల్ ప్లగ్గు గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో చూసి పుస్తకంలోని అంకెకు తేవాలి. అది సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ప్లగ్గు మర ఉక్కు, హెడ్డు మర అల్యూమినియం. రెండూ పోట్లాడితే ఓడేది హెడ్డే. కొత్త ప్లగ్గును రాచెట్‌తో గాని, పవర్ టూల్‌తో గాని మొదలుపెట్టకూడదు. సాకెట్‌లో ప్లగ్గు ఉంచి, రాచెట్ తగిలించకుండా, ఎక్స్‌టెన్షన్‌ను రెండు వేళ్లతో మాత్రమే పట్టుకొని నిటారుగా దింపాలి. ఎక్స్‌టెన్షన్ బరువనిపిస్తే ప్లగ్గు తలకు సరిపోయే రబ్బరు పైపు ముక్క తొడిగి తిప్పడం ఇంకా మంచిది, ఎందుకంటే మర అడ్డంగా పడిన మరుక్షణం రబ్బరు జారిపోతుంది తప్ప బలం మర మీదికి పోదు.

దింపిన వెంటనే బిగించే వైపు తిప్పకూడదు. ముందు మెల్లగా ఎడమ వైపు, అంటే విప్పే వైపు, తిప్పాలి. ఒకచోట ప్లగ్గు టిక్కుమని వెంట్రుకవాసి కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. ప్లగ్గు మర మొదలు హెడ్డు మర మొదలును కలిసిన చోటు అదే. అక్కడి నుంచి కుడికి తిప్పాలి. స్టీలు సీసా మూత వంకరగా పడితే ఒక్క చుట్టుకే బిగుసుకుపోయినట్టు, తప్పుగా పడిన ప్లగ్గు కూడా ఒకటి రెండు చుట్లకే మొరాయిస్తుంది. అప్పుడు "కొంచెం బలం పెడితే పోతుందిలే" అనుకోవడమే అసలు తప్పు. వెనక్కి పూర్తిగా తీసి, మరలు తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. సరిగ్గా పడిన ప్లగ్గు చివరి దాకా వేళ్లతోనే దిగి, వాషరు హెడ్డుకు తగిలినప్పుడు మాత్రమే ఆగుతుంది.

ఆ తర్వాతే టార్క్ రెంచ్ పట్టాలి. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకు 15 నుంచి 20 చాలు. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టార్క్ రెంచ్ లేనివారు వాషరు ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును, చేతి బిగింపు అయ్యాక, సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. వాషరు లేని ఏటవాలు సీటు ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతుకు మించకూడదు. మరలకు గ్రీజు, యాంటీ సీజ్ (మరలు పట్టుకుపోకుండా పూసే పేస్టు) పూయమని సలహా ఇచ్చేవారున్నారు. పూయకూడదు: జారుడు పెరిగి, రెంచ్ చూపే అంకెకన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. తక్కువ బిగించినా చేటే. ప్లగ్గులోని వేడి హెడ్డులోకి పోయే దారి ఆ బిగింపే కనుక, వదులుగా ఉన్న ప్లగ్గు వేడెక్కి పాడవుతుంది. ఇంత చెప్పినా మర పోతే, తాపీగా హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చోబెట్టే తీగచుట్ట మర) వేయించుకోవాలి. కొన్నిసార్లు అందుకు హెడ్డే దించాల్సి వస్తుంది, అప్పుడు ఖర్చు వేలలోకి వెళుతుంది.

కాయిల్, బోల్టు, కనెక్టరు యథాస్థానంలో పెట్టి, క్లిప్పు శబ్దం విని, మిగతా సిలిండర్లు కూడా అలాగే ముగించాలి. పాత ప్లగ్గులను ఏది ఏ సిలిండరుదో వరుసలో ఉంచి చూడాలి. లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, తడి నూనె ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి చేరుతోందని, తెల్లగా పొక్కులు లేచి ఉంటే అతిగా వేడెక్కుతోందని అర్థం. ఈ మూడింటికీ ప్లగ్గు మార్చడం ఒక్కటే మందు కాదు, మెకానిక్‌కు ఆ ప్లగ్గునే చూపించాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, మిస్ లేదని తేలాక, ఆనాటి కిలోమీటర్ల అంకెను, ప్లగ్గు నంబరును సర్వీసు పుస్తకంలో రాసుకోవాలి.